మూడోవంతు గాలి

దుఖాన్
అక్టోబరు, శుక్రవారం సాయంత్రం

అక్కకి వందనాలు.

ఫోన్ చెయ్యలేదని కోపం పెట్టుకోకు. ఫోన్లో నేనొక మాట దగ్గర ఆగిపోతే అవతల నువ్వు ఊపిరి బిగబట్టుకుని వింటావు. అది నాకు తెలుస్తూనే ఉంటుంది. రాసేటప్పుడు నాకు నత్తి లేదు కాబట్టి ఇలా హాయిగా ఉంది.

మక్బూల్ వెళ్ళిపోయాడు. కంపెనీలో కాంట్రాక్టు అయిపోయింది, కడపలో వాళ్ళన్న కొట్టు చూసుకుంటానన్నాడు. ఇన్నేళ్ళుగా ప్రతి శుక్రవారం మేమిద్దరం వీపున గాలి సిలిండర్లు కట్టుకుని ఈ అరబ్బు దేశపు సముద్రంలోకి దిగేవాళ్ళమని నీకు తెలుసు. ఈ ఆటకి ఉన్న మొదటి నియమం జంట లేకుండా దిగకూడదని. ఒకరి గాలి అయిపోతే రెండోవాడి మౌత్‌పీస్ అందుకోవచ్చు. నా జంట ఎయిర్‌పోర్టులో నన్ను కావిలించుకుని "యల్లా, ఖుదా హాఫిజ్" అని వెళ్ళిపోయాడు.

ఇక్కడున్న వేరే తెలుగువాళ్ళతో వెళ్ళి చూశాను. దిగే ముందు గట్టున గుండ్రంగా నిలబడి ఎవరి ప్లాను వాళ్ళు పైకి చెప్పాలి. నా వంతు వచ్చింది. "మ్... మ్..." దగ్గర ఆగిపోయాను. పక్కనున్నాయన జాలిపడి "మధ్యాహ్నమా? మనిషా? మంటా?" అని ఒక్కో మాటా అందిస్తున్నాడు. నేను చెప్పాలనుకున్నది "మూడోవంతు గాలి అయిపోగానే తిరుగుతాను" అని. ఎవరూ నవ్వుకోలేదు, నిజమే. నవ్వుకుంటే బావుండేది. అందరూ నేలకేసి చూశారు.

నీళ్ళ కింద అందరూ చేతులతోనే మాట్లాడతారక్కా. అక్కడ నేనెవరికీ తీసిపోను. అందుకని ఇకమీద ఒంటరిగానే దిగుదామనుకుంటున్నాను. ఒంటరిగా దిగేవాళ్ళు ఉన్నారు, దానికి వేరే కోర్సు కూడా ఉంది. ప్రస్తుతం నా ఆలోచనంతా సిలిండరు ఎంతది తీసుకోవాలన్నదే. ఇంతకాలం వాడింది పన్నెండు లీటర్లది. పదిహేను లీటర్లదైతే గాలి ఎక్కువ ఉంటుంది, కాకపోతే బరువు. ఇసుకలో మోసుకుంటూ నడవాలి.

నీ ఉద్యోగమంతా ఐ.సి.యు.లో ఆక్సిజన్ సిలిండర్ల మధ్యే కదా. నువ్వేమంటావు?

నీ తమ్ముడు
జడ్సన్


కాకినాడ
అక్టోబరు చివర

ఒరే జడ్సన్,

ఉత్తరం చదివి ముందు నిన్ను తిట్టాలనిపించింది. డ్యూటీకి వెళ్ళి, వచ్చి, అన్నం తిని, మళ్ళీ చదివాను. తిట్లు సగం తగ్గాయి.

సిలిండరు సంగతి తర్వాత. ముందు ఒకటి అడుగుతాను, ఆలోచించి చెప్పు. నీకు ఒంటరిగా వెళ్ళాలని ఉందా, మనుషులతో వెళ్ళలేక వెళ్తున్నావా? రెండూ ఒకటి కాదురా. మొదటిదైతే నేను నోరు మూసుకుంటాను. రెండోదైతే ఎంత పెద్ద సిలిండరైనా నాకు నిద్రపట్టదు.

ఇక నువ్వడిగినదానికి. మా దగ్గర వెంటిలేటర్ మీదున్న పేషెంటుని స్కానింగుకి కిందికి తీసుకెళ్ళాలనుకో. పోయి రావడానికి ఎంత గాలి పడుతుందో లెక్కేసి, దానికి రెట్టింపున్న సిలిండరు మంచానికి తగిలిస్తాం. లిఫ్టు ఆగచ్చు, స్కానింగు గది ఖాళీ లేకపోవచ్చు. అయినా దానితో సరిపెట్టుకోం. చేత్తో నొక్కే అంబు బ్యాగు పేషెంటు తలదగ్గర లేకుండా మంచం అంగుళం కదలనివ్వం. ఎందుకో తెలుసా? ఒకసారి లిఫ్టులో రెండంతస్తుల మధ్య ఉండగా వాల్వు బిగుసుకుపోయింది. గేజి ముల్లు నిండుగా చూపిస్తోంది, గాలి మాత్రం బయటికి రాదు. అంత గాలి పక్కనే పెట్టుకుని మా ముందు మనిషి నీలంగా మారిపోతున్నాడు. బ్యాగు చేత్తో నొక్కుతూ కిందికి చేరాం. ఆయన బతికాడు. మొన్న దోసకాయలు తెచ్చిచ్చాడు కూడా.

అంచేత పన్నెండా పదిహేనా అన్నది నాకు రెండో ప్రశ్న. ఉన్న ఒక్కటీ మొరాయిస్తే నీ రెండో దారి ఏది? ఇన్నాళ్ళూ ఆ రెండో దారి మక్బూల్. ఇప్పుడు?

కోర్సు చెయ్యకుండా నీళ్ళలో కాలు పెట్టావంటే నేనే అక్కడికి వచ్చి నీ కంపెనీ గేటు దగ్గర కూర్చుంటాను.

మీ బావగారు నిన్ను అడిగానని చెప్పమన్నారు. జలుబు మందు ఒకటి కొని పెట్టుకో, నీకు నవంబర్లో తప్పక వస్తుంది.

ఎవాంజెలిన్


దుఖాన్
నవంబరు నడిమధ్య

అక్కకి,

కోర్సులో చేరాను. దోహా నుంచి ఒక పెద్దాయన వచ్చి నేర్పుతున్నాడు. మొదటిరోజే ఆయన అడిగిన మొదటి మాట, నీ రెండో దారి ఏది అని. నాకు నవ్వొచ్చింది. నువ్వు కాకినాడలో ఉండి అడిగావు, ఆయన ఇక్కడ అడిగాడు.

ఇదిగో నా లెక్క. తప్పుంటే చెప్పు. పన్నెండు లీటర్ల సిలిండర్లో రెండువందల బార్ల ఒత్తిడితో నింపితే రెండువేల నాలుగువందల లీటర్ల గాలి. గట్టు మీద నాకు నిమిషానికి పదహారు లీటర్లు చాలు. పది మీటర్ల లోతుకి వెళ్తే నీటి ఒత్తిడి వల్ల దానికి రెట్టింపు, అంటే ముప్ఫై రెండు పడుతుంది. మొత్తం గాలిని మూడు భాగాలు చేస్తాను. ఒకటి వెళ్ళడానికి, ఒకటి రావడానికి, మూడోది ముట్టుకోను. మొదటి భాగం అయిపోగానే ఎదురుగా ఏమున్నా సరే వెనక్కి తిరగాలి.

పదిహేను లీటర్లది వద్దనుకున్నాను. ఎంత పెద్దదైనా అది ఒక్క సిలిండరే, ఒక్క వాల్వే. దాని బదులు పన్నెండుతోపాటు మూడు లీటర్ల చిన్న సిలిండరు ఒకటి ఎడమ పక్కన వేలాడేసుకుంటాను. దాని గొట్టం వేరు, మౌత్‌పీస్ వేరు, గేజి వేరు. పెద్దదానికి ఏమైనా అయితే దీంతో పైకొచ్చేస్తాను. ఇది నీ అంబు బ్యాగు అనుకో.

నువ్వడిగిన మొదటి ప్రశ్నకి జవాబు రాయడానికే ఇన్ని రోజులు పట్టింది. మొదట్లో రెండోదే. మనుషులతో వెళ్ళలేకే. ఆ గుండ్రంగా నిలబడ్డం తలుచుకుంటే ఇప్పటికీ అరచేతులు చెమట పడతాయి. కానీ మొన్న శిక్షణలో పెద్దాయన నాకు కనపడకుండా వెనకెక్కడో ఉండి నన్ను వదిలేశాడు. చుట్టూ సముద్రపు గడ్డి, మసకగా ఆకుపచ్చ వెలుగు. నా ఊపిరి చప్పుడు తప్ప ఏమీ లేదు. లోపలికి, బయటికి. జీవితంలో మొట్టమొదటిసారి నా ఊపిరి ఏ మాట దగ్గరా ఆగలేదక్కా. అప్పుడనిపించింది, ఒంటరిగా రావాలని కూడా నాకుంది అని.

రెండూ ఉన్నాయి. అబద్ధం చెప్పను.

జడ్సన్


కాకినాడ
నవంబరు చివర

జడ్సన్,

రెండూ ఉన్నాయన్నావు చూడు, ఆ మాటకి కాస్త నమ్మకం కుదిరింది. ఒక్కటే చెప్పుంటే నమ్మేదాన్ని కాదు.

నీ లెక్క రెండుసార్లు వేసి చూశాను. కూడికలు సరిగ్గానే ఉన్నాయి. తప్పు వేరేచోట ఉంది. ఆ పదహారు లీటర్లు ఎప్పటివి? నువ్వు కుర్చీలో ప్రశాంతంగా కూర్చుని కొలుచుకున్నవి. భయపడినప్పుడు నువ్వు పదహారు పీల్చవు. మా దగ్గరికి ఆయాసంతో వచ్చేవాళ్ళని రోజూ చూస్తాను, నాలుగు రెట్లు లాగేస్తారు. నిమిషానికి అరవై అనుకో. లోతులో నూట ఇరవై. అప్పుడు నీ చిన్న సిలిండర్లో ఆరువందల లీటర్లు ఐదు నిమిషాలొస్తాయి. పది మీటర్ల నుంచి పైకి రావడానికి ఐదు నిమిషాలు చాలుతాయా? చాలితే సరే. ఇంకనుంచి అన్నీ భయపడినవాడి ఊపిరితోనే లెక్కెయ్యి.

ఇంకోటి. నీ సంగతి అందరిలా కూడా కాదు. నువ్వు గాభరాపడితే ఊపిరి లాగవు, బిగించేస్తావు. గొంతు దగ్గర తలుపు పడిపోయినట్టు. గట్టు మీదైతే ఒక మాట పోతుంది, అంతే. పైకి వస్తూ ఊపిరి బిగిస్తే లోపలి గాలి ఉబ్బి ఊపిరితిత్తులు చిరుగుతాయని నేను చదివాను. నువ్వు రాయలేదు గానీ నేను చదివాను. ఇన్నాళ్ళూ అలాంటప్పుడు నీ భుజం మీద తట్టేవాడు ఒకడున్నాడు. ఇప్పుడు తట్టేది ఎవరు?

నరసాపురంలో మీ స్పీచ్ టీచరు చెప్పింది గుర్తుందా, మాట రాకపోతే ముందు 'ఊ' అంటూ గాలి వదలమని. మౌత్‌పీస్ నోట్లో ఉన్నా 'ఊ' అనొచ్చు కదా. పైకి వచ్చేటప్పుడు ప్రతిసారీ అలవాటుగా అనుకుంటూ రా. చేపలేమీ అనుకోవు.

అక్క


దుఖాన్
డిసెంబరు

అక్కకి,

కోర్సు అయిపోయింది. శుక్రవారం మొదటిసారి ఒంటరిగా దిగాను. అంతా బాగానే జరిగింది. నీళ్ళు చల్లబడ్డాయి. చిన్న సిలిండరు బాగానే పనిచేసింది.

భుజం తట్టే సంగతి నీకెలా తెలుసు? నేనెప్పుడూ రాయలేదే.

బావగారికి వందనాలు.

జడ్సన్


కాకినాడ
డిసెంబరు, క్రిస్మస్ ముందు

ఏరా,

ఇదేం ఉత్తరం? నాలుగు ముక్కలు. సముద్రపు గడ్డి గురించి, వెలుగు గురించి పేరాలు రాసినవాడివి, ఇన్ని నెలలు ఎదురుచూసిన రోజు వచ్చిందంటే "బాగానే జరిగింది" అంటావా? చిన్న సిలిండరు బాగానే పనిచేసిందట. అది పనిచెయ్యాల్సిన అవసరం ఎందుకొచ్చింది?

నువ్వడిగిందానికి జవాబు చెప్తాను. ముందు నువ్వు చెప్పు.

నిన్న చర్చిలో కేకు పంచారు. నీ వంతు నేనే తిన్నాను. చెప్పేదాకా ఇంకేమీ రాయను.

అక్క


దుఖాన్
డిసెంబరు, క్రిస్మస్ మర్నాడు

అక్కకి,

సరే. మొత్తం రాస్తాను. కూర్చుని చదువు. నాకేమీ కాలేదు, అది ముందే చెప్తున్నాను.

ఆరోజు పొద్దున్న నేను గట్టుకి చేరేసరికి దోహా నుంచి ఒక తెలుగు క్లబ్బువాళ్ళు వచ్చి ఉన్నారు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు, ఒక కోచ్. నేను దూరంగా కారాపుకుని, వాళ్ళు దిగాక ఇంకో పక్కనుంచి దిగాను. అనుకున్నట్టే మొదటి మూడోవంతు కాగానే వెనక్కి తిరిగాను. చాలా సంతోషంగా ఉన్నాను. అది ఈ ఉత్తరంలో కూడా ఉండాలి, అందుకే రాస్తున్నాను.

తిరిగి వస్తుండగా ఎదురుగా బురదనీళ్ళలోంచి ఒక మనిషి వచ్చింది. ఒక్కతే. మాస్కు వెనక కళ్ళు ఇంతలేసి ఉన్నాయి. అరచేత్తో గొంతు మీద కోస్తున్నట్టు చూపిస్తోంది. మా భాషలో దానికి అర్థం గాలి అయిపోయిందని. శిక్షణలో వందసార్లు చేసుంటాను ఆ సైగ. నిజంగా చేసే మనిషిని చూడ్డం అదే మొదలు.

ఆమె నా నోట్లోదే లాక్కోబోయింది. ఒక చేత్తో ఆమె చెయ్యి పట్టుకుని రెండో చేత్తో చిన్న సిలిండరు మౌత్‌పీస్ అందించాను. కొక్కేలు తప్పించి సిలిండరు కూడా ఆమె చేతుల్లోనే పెట్టేశాను. అప్పుడు తట్టింది, ఇక నాకు రెండో దారి లేదని. ఉత్తరాల్లో మనిద్దరం ఇంత లెక్క వేశాం కదా, అందులో నేనొక్కణ్ణే ఉన్నాను. ఇంకో మనిషి ఎదురవుతుందని ఎక్కడా వెయ్యలేదు.

చిన్న సిలిండరు గేజి చూస్తే ముల్లు కిందికి పరిగెడుతోంది. నువ్వు చెప్పిన నాలుగు రెట్లు కంటితో చూశాను. ఆమె ఒక్కసారిగా పైకి తన్నుకుపోవాలని చూస్తోంది. పట్టీ పట్టుకుని ఆపాను. అదే క్షణంలో నా గొంతులో తలుపు పడిపోయింది. నువ్వు రాసినట్టే. ఊపిరి లోపల ఉండిపోయింది, బయటికి రాదు. నోట్లో రబ్బరు పెట్టుకుని 'ఊ' అన్నాను. మొదట రాలేదు. రెండోసారి వచ్చింది. బుడగలు వచ్చాయి. ఆమె నా బుడగల వంక చూసింది. నేను చేత్తో సైగ చేశాను, నెమ్మదిగా, పొడుగ్గా వదులు అని. స్పీచ్ టీచరు నా ఎదుట అరచెయ్యి ఎలా కదిపేదో అలాగే కదిపాను. ఆమె నా చెయ్యి చూస్తూ వదిలింది. అలా ఒకరికొకరం ఎదురుగా చూసుకుంటూ పైకొచ్చాం. మామూలుగా ఒంటికి పట్టిన గాలి విడిచిపోయేలా ఐదు మీటర్ల దగ్గర కాసేపు ఆగాలి. చిన్నదాంట్లో ఆగేంత గాలి లేదు. నేరుగా వచ్చేశాం.

పైన ఆమె వేసుకున్న, నీళ్ళలో తేల్చే జాకెట్‌లో నోటితో గాలి ఊది, గట్టుదాకా లాక్కొచ్చాను. ఇసుకలో మోకాళ్ళ మీద పడి వాంతి చేసుకుంది. కోచ్ పరిగెత్తుకొచ్చి నా మీద అరిచాడు. "నువ్వెవరు? నీ జంట ఎవరు?" అని. "నేను ఒ... ఒ..." అంటున్నాను. "అంటే ఎవరూ లేరన్నమాట. ఒంటరిగా దిగి మా వాళ్ళని బెదరగొట్టావా?" అన్నాడు. కాదని చెప్పడానికి నాకెంతసేపు పడుతుందో నీకు తెలుసు. అంతలోపు వాళ్ళు ఆమెని కార్లో ఎక్కించేశారు.

ఇంటికొచ్చి సామానంతా మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టాను. తర్వాత నీకు ఆ నాలుగు ముక్కలు రాశాను. అబద్ధం రాయాలని కాదు. ఎవరికి చెప్పాలన్నా మొదటి మాట దగ్గరే ఆగిపోతున్నాను, రాయడంలో కూడా. ఇది నాకెప్పుడూ జరగలేదు.

జడ్సన్


కాకినాడ
జనవరి మొదట్లో

నాన్నా జడ్సన్,

డ్యూటీ రూములో కూర్చుని చదివాను. పక్కనున్న అరుంధతి సిస్టరు "ఏమైంది మేడమ్?" అని కంగారుపడింది. ఏం చెప్పను, ఉత్తరం ఆమె చేతికే ఇచ్చాను. చదివి ఆమె నాకు టీ తెచ్చిచ్చింది.

మొదటి పేషెంటు తర్వాత మాకూ ఇలాగే ఉంటుంది. చెయ్యి తన పని చేసేస్తుంది, మనసు నాలుగు రోజులు వెనక వస్తుంది. నిద్ర పడుతోందా? తింటున్నావా? ఇవి రెండూ రాయి.

ఇప్పుడు నా సంగతి. నీ మొదటి ఉత్తరం అందిన రోజే నేను కడప ఫోన్ చేశాను. నిన్ను ఎలాగైనా ఆపమని మక్బూల్‌ని బతిమాలాను. అతను ఏమన్నాడంటే, "అక్కా, వాడు నాకన్నా బాగా దిగుతాడు. ఆపితే చెడిపోతాడు. కాకపోతే గాభరాపడితే ఊపిరి పట్టేస్తాడు, అలాంటప్పుడు భుజం మీద రెండుసార్లు తడితే చాలు. అది వాడికి చెప్పలేదు, తెలిస్తే ఇంకా ఎక్కువ పట్టేస్తాడని." అదీ సంగతి. నీ వెనకాల నీ గురించి మాట్లాడానని నీకు కోపం వస్తుందేమోనని దాచాను. ఇప్పుడు వచ్చినా ఫర్వాలేదు.

ఒక్కటి మాత్రం నాకు పట్టుకుంది. ఆ అమ్మాయి గాలి అంత త్వరగా ఎందుకైపోయింది? అందరితోపాటేగా దిగింది? ఆమె పక్కనుండాల్సిన మనిషేడీ? మా దగ్గర ఇలాంటిదేదైనా జరిగితే పేషెంటుదే తప్పని రాసేసి ఊరుకోం. నీకేమైనా కనపడిందా?

అక్క


దుఖాన్
ఫిబ్రవరి మొదటివారం

అక్కకి,

నిద్ర పడుతోంది. తింటున్నాను. మక్బూల్ మీద కోపం లేదు, నీ మీద లేదు. అతనికి రాశాను కూడా. ఇన్నేళ్ళూ నువ్వు తడుతుంటే చేపలేవో చూపించడానికనుకున్నాను అని.

నువ్వడిగిన ప్రశ్న నన్ను వదల్లేదు. నాకు కనపడింది. ఆమెని గట్టుకి లాగుతున్నప్పుడు నా మోచెయ్యి ఆమె సిలిండరుకి తగిలింది. పొట్టిగా ఉంది. పది లీటర్లది. మిగతావాళ్ళవి గట్టు మీద చూశాను, అన్నీ పన్నెండు లీటర్లవి.

ఇంతలో ఆమె నుంచి మెసేజి వచ్చింది. పేరు నజియా. కరీంనగర్. దోహాలో అబూ హమూర్ వైపు ఒక స్కూల్లో సైన్సు చెప్తుంది. కారు నంబరు పట్టుకుని, కోర్సు పెద్దాయన్ని అడిగి నన్ను వెతుక్కుంది. "అన్నా, ఆ దినం నీతోని ఒక్క మాట సుత చెప్పలే. మాఫ్ చెయ్యి. శనివారం క్లబ్బుల మీటింగున్నది. నేను గేజి చూసుకోలే, నాదే తప్పు, ఇగ నన్ను నీళ్ళల్లకు తోలరంటున్నరు. నువ్వు ఉన్నదున్నట్టు చెప్తవా?" అని.

మెసేజి మూడుసార్లు చదివాను. తర్వాత వస్తానని రాశాను.

దోహాలోనే అల్ ముంతజాలో ఒక హోటలు పైన ఆ క్లబ్బు గది. కుర్చీలు గుండ్రంగా వేసున్నాయి. చూడగానే వెనక్కి తిరిగి మెట్లు దిగిపోదామనిపించింది. కోచ్ మాట్లాడాడు. వెనక్కి తిరిగే టైము అందరికీ ముందే చెప్పాను, గేజి చూసుకోవడం ఎవరి బాధ్యత వాళ్ళదే అన్నాడు. అది నిజమే కూడా. నజియా తల దించుకుని వింది. ఆమె జంటగా వచ్చినామె ముల్లుతోక టేకు చేప వెనక వెళ్ళిపోయానని ఒప్పుకుంది. తర్వాత అందరూ నా వంక చూశారు.

లేచి నిలబడ్డాను. "ఆమె సి... సి..." అన్నాను. కోచ్ అందుకున్నాడు, "సిగ్నల్ చూడలేదా?" నేను తల అడ్డంగా ఊపాను. "సి..." "సిద్ధంగా లేదా?" అప్పుడు నజియా లేచింది. "సర్, ఆయన్ని చెప్పనియ్యి. ఎంతసేపైనా కానీ. ఆయన తొందరపడితే నేనియాల ఈడ ఉండకపోదును" అంది.

'ఊ' అన్నాను. అందరిముందూ, పైకి. ఎవరో కదిలారు. కదలనీ. తర్వాత చెప్పాను. ఆమె సిలిండరు చిన్నది. బరువు తక్కువని ఆమెకి అది ఇచ్చారు, అందులో దురుద్దేశం లేదు. కానీ వెనక్కి తిరిగే టైము మాత్రం అందరికీ ఒకటే పెట్టారు, పన్నెండు లీటర్ల లెక్కన. కొత్తవాళ్ళు ఎలాగూ ఎక్కువ పీలుస్తారు. ఆమె గేజి చూసుకోవాల్సింది, నిజమే. చూసుకున్నా చూసుకోకపోయినా అందరికన్నా ముందు గాలి అయిపోయేది ఆమెకే. ఈ నాలుగు ముక్కలు చెప్పడానికి నాకు పట్టినంతసేపట్లో ఎదుటివాళ్ళు ఒక చాయ్ తాగేసేవారు. అయినా మధ్యలో ఎవరూ మాట అందించలేదు. కోచ్ కూడా.

అతను చెడ్డవాడు కాదక్కా. "నేను లెక్క వేసింది నా సిలిండరుతో" అన్నాడు. నజియాని కోర్సులో ఉంచారు. ఇకనుంచి గుంపులో అందరికన్నా చిన్న సిలిండరు ఎవరిదో, అందరికన్నా ఎక్కువ పీల్చేది ఎవరో, వాళ్ళ లెక్కనే అందరూ తిరగాలని అనుకున్నారు. నా మీద అరిచినందుకు అతను క్షమాపణ అడగలేదు. నేనూ ఆశించలేదు. మెట్లు దిగుతుంటే వెనకనుంచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. అంతే.

నీళ్ళ కింద ఇంత భయపడలేదు.

జడ్సన్


కాకినాడ
ఫిబ్రవరి

జడ్సన్,

మీ బావగారికి చదివి వినిపించాను. మధ్యలో నేనే ఒక మాట దగ్గర ఆగిపోయాను. "ఇక చాలు, నేను చదువుకుంటాలే" అని ఆయన లాక్కున్నారు.

మళ్ళీ ఒంటరిగా దిగుతావా అని అడగను. దిగుతావని తెలుసు. ఆ క్లబ్బువాళ్ళతో కూడా ఒకటి రెండుసార్లు వెళ్ళు, ఇష్టమైతేనే. ఆ నజియాకి నా తరపున చెప్పు, మా ఊళ్ళో ఆమెకి ఒక అక్క ఉందని.

మళ్ళీ దిగేటప్పుడు ఏం తీసుకెళ్తావో రాయి. నేను లెక్క వేసుకుంటాను.

అక్క


దుఖాన్
మార్చి, శుక్రవారం

అక్కకి,

ఇవాళ వెళ్ళొచ్చాను. పెద్దది అదే పన్నెండు లీటర్లది. చిన్నది మార్చాను, మూడు లీటర్లది ఇచ్చేసి ఐదున్నర లీటర్లది తీసుకున్నాను. నా ఒక్కడికైతే మూడు చాలు. చాలని తెలిసే మార్చాను. బరువు పెరిగింది కాబట్టి నడుముకి కట్టుకునే సీసం దిమ్మలు రెండు తీసేశాను.

నజియాకి నీళ్ళంటే ఇంకా భయం పోలేదు. కోర్సులో ఉంది గానీ లోతుకి దిగట్లేదు. "నేను గట్టున కూసుంట, నువ్వు ఎప్పటికొస్తవో చెప్పి పో" అంది. చాయ్ ఫ్లాస్కు, దిద్దాల్సిన పిల్లల పేపర్లు తెచ్చుకుని గొడుగు కింద కూర్చుంది. ఎప్పటికొస్తానో చెప్పి దిగాను.

నీళ్ళు తేటగా ఉన్నాయి. గడ్డి మీదుగా మెల్లగా వెళ్తున్నాను. గేజి చూసుకున్నాను, మూడోవంతు అయిపోయింది. తిరుగుదామని తలెత్తేసరికి ఎదురుగా, కొంచెం దూరంలో, బూడిదరంగులో ఒక పెద్ద ఆకారం. సముద్రపు ఆవు. ఇన్నేళ్ళుగా ఇక్కడి జాలర్లు చెప్పగా వినడమే గానీ మక్బూలూ నేనూ ఎన్నడూ చూడలేదు. ఆవు గడ్డి మేసినట్టే మూతి నేలకానించి మేస్తోంది. మేసిన చోటల్లా మబ్బులా మట్టి లేస్తోంది. దాని పక్కన పిల్ల ఉందని తర్వాత తెలిసింది. తల్లి కడుపు కింద నక్కి ఉంది.

ఇంకో పదిసార్లు కాళ్ళు ఆడిస్తే దగ్గరికి వెళ్ళిపోతాను. గాలి ఉంది. రావడానికి ఉంది, ముట్టుకోనిది ఉంది, పక్కన చిన్న సిలిండరు నిండా ఉంది. ఏ లెక్క వేసినా సరిపోతుంది. తల్లి ఒకసారి తల తిప్పి నా వైపు చూసి మళ్ళీ మేతలో పడింది.

నేను వెనక్కి తిరిగాను.

వస్తున్నంతసేపూ 'ఊ' అనుకుంటూనే వచ్చాను. ఇది భయానికి కాదు. గట్టెక్కి మాస్కు తీస్తుంటే నజియా పేపర్లు పక్కన పెట్టి, "ఏం చూసినవన్నా? మొఖం గిట్ల వెలుగుతున్నది?" అంది.

ఇసుకలో కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను. సముద్రపు ఆవు అనే మాట దగ్గరే చాలాసేపు ఆగిపోయాను. ఆమె తొందరపెట్టలేదు. మొత్తం చెప్పాను, పిల్ల దగ్గరిదాకా. అయ్యేసరికి ఎండ గొడుగు కిందికి వచ్చేసింది, ఆమె చేతిలో చాయ్ చల్లారిపోయింది.

జడ్సన్